గాజు పూసలతో బతుకుదెరువు: నా నాలుగేళ్లు

తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో పదమూడేళ్లు కెమిస్ట్రీ చెప్పాను. 2024 ఏప్రిల్ ఆఖర్లో మానేశాను. ఇప్పుడు మా మేడ మీద రేకుల గదిలో మంట ముందు కూర్చుని గాజు పూసలు చేస్తాను, అమ్ముతాను, శని ఆదివారాల్లో నేర్పిస్తాను. ఎలా మొదలుపెట్టావు, ఎంతయింది, నిజంగా డబ్బులొస్తాయా అని నెలకు నలుగురైనా ఫోన్ చేస్తున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పేకన్నా మొత్తం పూసగుచ్చినట్టు ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

2021 నవంబర్‌లో తిరుపతిని వానలు ముంచెత్తాయి. మా వీధిలో మోకాలి లోతు నీళ్లు, స్కూలుకు సెలవులు. ఆ వారంలోనే ఫోన్లో ఒక వీడియో కంటబడింది. ఒకామె సన్నటి స్టీలు పుల్లను తిప్పుతూ, కరిగిన గాజును దాని చుట్టూ చుట్టి పూస చేస్తోంది. గాజు మంటకు తగలగానే మంట పసుప్పచ్చగా ఎగసింది. అది సోడియం. ఏటా పిల్లలకు ఉప్పు కాల్చి చూపించే మంటే అది. ఇన్నేళ్లుగా నా చేతుల్లో ఉన్న మంటతో ఇలాంటిదొకటి చేయొచ్చని ఎప్పుడూ తట్టలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నీళ్లు తగ్గాక బేకరీ సామాన్ల షాపులో గ్యాస్ మంట వచ్చే చేతి టార్చ్ ఒకటి కొన్నాను, 1,150 రూపాయలు. గాజుకు డబ్బులు పెట్టలేదు. గాజుల కొట్టు ఆయన్ని అడిగితే పగిలిన గాజులు ఒక కవరు నిండా ఊరికే ఇచ్చాడు. పుల్లకు గాజు అంటుకుపోకుండా చైనా క్లే పూత పూశాను. చేసిన పూసల్ని నర్సరీలో దొరికే వర్మిక్యులైట్ నింపిన డబ్బాలో గుచ్చి చల్లారబెట్టాను. మొదటి వారం ఇరవై పూసలు చేస్తే తొమ్మిది మిగిలాయి. ఆ తొమ్మిదిలోనూ ఐదు తర్వాత పోయాయి. రాత్రి అందరూ పడుకున్నాక అల్మారాలోంచి టిక్ మని ఒక చిన్న చప్పుడు వచ్చేది. పొద్దున చూస్తే పూస రెండు చెక్కలై ఉండేది. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నా గుండె జారుతుంది.

కారణం అర్థం కావడానికి నా చదువు పనికొచ్చింది. పై పొర ముందు చల్లారి బిగుసుకుంటుంది, లోపలిది ఇంకా వేడిగానే ఉంటుంది, ఆ లాగుడు గాజులోనే ఉండిపోతుంది. దాన్ని పోగొట్టాలంటే పూసను దాదాపు 520 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి, తర్వాత గంటకు ఇన్ని డిగ్రీలని మెల్లగా దించాలి. వర్మిక్యులైట్ డబ్బాతో ఆ పని జరగదు, వేడిని అలా నిలిపి దించే కొలిమి కావాలి. ఈ పనిలో దిగాలనుకునేవాళ్లకు నా మొదటి మాట ఇదే: కొలిమి కొనేదాకా ఒక్క పూస కూడా ఎవరికీ అమ్మొద్దు.

సామాన్లు సమకూరడానికే ఏడాది పట్టింది. బల్ల మీద బిగించే గ్యాస్-ఆక్సిజన్ బర్నర్ కోసం డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుక్కి 2022 జనవరిలో చెప్పాను. వాడు మే నెలాఖర్లో వస్తూ సూట్‌కేసులో పెట్టుకొచ్చాడు, 21,000. ఆక్సిజన్ సిలిండర్ ఇంట్లో పెట్టడం మా అత్తయ్యకు భయం. అదృష్టం కొద్దీ, కరోనా తగ్గాక నిమిషానికి ఐదు లీటర్లిచ్చే ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరికాయి. జూన్‌లో ఒకటి 17,500కు తెచ్చాను. ఒకరి ప్రాణం నిలబెట్టడానికి కొన్న మిషన్ అది. మొదటిసారి స్విచ్ వేసినప్పుడు చేయి వణికింది.

పూసల కోసమే చేసిన కొలిమి విదేశాల నుంచి తెప్పిస్తే పన్నులతో లక్ష దాటుతుంది. స్కూల్ ల్యాబ్ సామాన్లు సరఫరా చేసే మనిషి తెలుసు కాబట్టి ఆయన్ని అడిగి, కాలేజీ ల్యాబుల్లో వాడే మఫిల్ ఫర్నెస్ అనే కరెంటు కొలిమి చిన్నది, ప్రోగ్రామ్ పెట్టుకునే కంట్రోలర్‌తో చేయించాను. 28,600. నలభై ఐదు రోజులన్నాడు, డెబ్బై రోజులకు వచ్చింది. పుల్లల కోసం ఎక్కడెక్కడో వెతికాను. చివరికి వెల్డింగ్ సామాన్ల కొట్లో స్టెయిన్‌లెస్ స్టీల్ టిగ్ రాడ్లు దొరికాయి. 2.4 మిల్లీమీటర్లవి, 1.6 మిల్లీమీటర్లవి కిలో లెక్కన కొని జానెడు ముక్కలుగా కోయించుకున్నాను. సోడియం పసుపును ఆపే డిడీమియమ్ కళ్లద్దాలు 6,200. అవి లేకపోతే మంటలో పూస కనబడనే కనబడదు. రెగ్యులేటరు, మంట వెనక్కి రాకుండా ఆపే వాల్వులు, పైపులు కలిపి 4,800. ఎగ్జాస్ట్ ఫ్యాను, సిమెంటు పలక బల్ల 9,000. ఇటలీలోని మురానోలో తయారయ్యే రంగు గాజు కడ్డీలు మొదటి విడత 14,000. ఆ పార్శిల్ కస్టమ్స్‌లో తొమ్మిది రోజులు ఆగింది. అందులో దాదాపు సగం డబ్బు షిప్పింగ్‌కీ పన్నులకీ పోయింది. మొదటి టార్చ్‌తో కలిపి మొత్తం లక్షా రెండు వేల పైచిలుకు. నా జీతం అప్పట్లో 24,000.

పూస ఎలా అవుతుందో ఒక్కసారి దగ్గర నుంచి చెప్తాను. కడ్డీని ఉన్నపళంగా మంటలో పెడితే చిటపటమని ముక్కలు ఎగురుతాయి. మంట చివర చూపిస్తూ, తిప్పుతూ, మెల్లగా లోపలికి తేవాలి. కొస ఎర్రబడి ముద్దవుతుంది. అరిసెలు వండేవాళ్లకు పాకం తెలిసినట్టు ఇక్కడా పాకం తెలియాలి. తీగపాకంలా జారుతుంటే పుల్ల మీద నిలవదు, గట్టి ఉండపాకంలా ఉంటే చుట్టుకోదు. ఆ రెంటికీ మధ్యలో ఉన్నప్పుడు పుల్లకు తాకించి, కడ్డీని కదలనివ్వకుండా పుల్లనే అవతలి వైపుకు తిప్పాలి. తర్వాత మంటే దాన్ని గుండ్రం చేస్తుంది. తిప్పడం ఒక్క క్షణం ఆపితే గాజు కిందికి వేలాడుతుంది. చివరికి చూసుకోవాల్సింది రంధ్రం దగ్గరి అంచులు. అవి లోపలికి గుంటపడి నున్నగా ఉండాలి. పైకి మొనదేలితే ఆ పూస దారాన్ని కోసేస్తుంది.

ఆ అంచు విలువ నాకు పాపానాయుడుపేటలో తెలిసింది. 2023 ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా ఆయన బండి మీద తీసుకెళ్లాడు. ఏర్పేడు మండలంలో ఉంది, మా ఇంటికి ముప్పావుగంట. గాజు పూసల ఊరని చిన్నప్పటి నుంచీ విన్నదే గానీ ఎప్పుడూ వెళ్లలేదు. ఒక పెద్దాయన దొరికాడు, కొలిమి పని మానేసి చాలా ఏళ్లయిందట. వాళ్లది నా పద్ధతి కాదు. గాజు ముద్దను లాడ అనే పొడవాటి ఇనుప గొట్టం చివర పోగుచేసి, మధ్యలో బోలు ఉండేలా సన్నటి గొట్టంగా గంటల తరబడి చేత్తో లాగుతారు. దాన్ని ముక్కలు కోసి, బూడిదతో కలిపి మళ్లీ వేడిచేస్తే అంచులు నునుపవుతాయి. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో బయటపడ్డ పాత పూసలు కూడా ఇలా లాగినవేనని, అమెరికా నుంచి పీటర్ ఫ్రాన్సిస్ అనే పరిశోధకుడు ఈ ఊరికి వచ్చి ఈ పని గురించి రాశాడని తర్వాత చదివాను.

నా పూసలు ఆయన అరచేతిలో పెట్టాను. రంగులు చూస్తాడనుకున్నాను. ఆయన పంచె అంచు నుంచి ఒక దారప్పోగు లాగి, పూసలో దూర్చి, రెండు చేతులతో అటూ ఇటూ పది సార్లు గుంజాడు. దారం నూగు లేచి తెగింది. రెండోది, మూడోది కూడా అంతే. నాలుగోది నిలిచింది. "ఇదొకటి పూస, పాపా" అని అది మాత్రం నా చేతిలో పెట్టాడు. బండెక్కాక ఇంటిదాకా మాట్లాడలేకపోయాను. ఆ రోజు నుంచి ప్రతి పూసకూ దారం పరీక్ష చేస్తున్నాను. ఇంకొకటి కూడా ఆ రోజే తెలిసింది. సన్నటి నల్లపూసల్లాంటివి వేలకొద్దీ కావాలంటే లాగే పద్ధతే దారి. మంట ముందు ఒక్కొక్కటిగా చుట్టే నాలాంటివాళ్లు ఆ పోటీకి వెళ్లకూడదు.

వెళ్లకూడదని తెలిసినా ఒకసారి వెళ్లాను. 2023 ఏప్రిల్‌లో ఒక ఎగ్జిబిషన్‌లో మూడు రోజులు స్టాల్ తీసుకున్నాను, అద్దె 4,500. విడి పూస ఒకటి 60 రూపాయలు. పక్క స్టాల్లో మిషన్ పూసలు దండ మొత్తం 40. వచ్చిన ప్రతివాళ్లూ అక్కడి ధర చూసి నా దగ్గర బేరమాడారు. మూడు రోజులకు 86 పూసలు పోయాయి, 5,160 వచ్చింది. అద్దె, గాజు, గ్యాస్ తీస్తే నా చేతి నుంచే ఐదొందలు పోయాయి. ఆటోలో పెట్టెలు వేసుకుని వస్తుంటే ఏడుపొచ్చింది.

దారి దొరికింది మాత్రం ఆ స్టాల్లోనే. మగ్గం వర్క్ బొటీక్ నడిపే ఒకామె పూసలు కొనలేదు గానీ నంబరు తీసుకుంది. ఆగస్టులో, శ్రావణం పెళ్లిళ్లప్పుడు ఫోన్ చేసి, "అక్కా, చీర రంగులో పూసలు చేసిస్తారా? జాకెట్ వెనక తాళ్లకు వేలాడదీయాలి" అని అడిగింది. వెంకటగిరి చీర తెచ్చి చూపించింది. వంకాయరంగు చీర, మామిడిపండు రంగు అంచు. రెండు పెద్ద పూసలు, నాలుగు చిన్నవి కలిపి ఒక జత. పెద్దవాటిలో చీర రంగు మీద అంచు రంగు గీతలా తిప్పాను. జత 450 అన్నాను, గుండె దడదడలాడుతూ. ఆమె బేరమాడలేదు. చీరకు సరిగ్గా ఆ రంగు పూస బజారులో దొరకదు కాబట్టి.

అక్కడి నుంచి చీరలే నా పాఠాలు. రాణీ పింక్, చిలకాకుపచ్చ, మెంతిరంగు, రామా గ్రీన్. గాజులో నెమలికంఠం రంగు రప్పించడానికి రెండు నెలలు పట్టింది. నీలం మీద పారదర్శకమైన ఆకుపచ్చ పలచగా పోస్తే కాస్త దగ్గరకొచ్చింది. ఒకసారి నీలిపచ్చ చీరకు మీగడరంగు అంచు. ఆ రెండు గాజులూ కలిసిన చోట నల్లటి గీత వచ్చేసింది. నీలిపచ్చలో రాగి ఉంటుంది, మీగడరంగు గాజులో గంధకం. రెండూ కలిస్తే అంతే. క్లాసులో సమీకరణం రాసి చెప్పేదాన్ని, ఇక్కడ కంటి ముందు జరిగింది. మధ్యలో స్వచ్ఛమైన పారదర్శక గాజు పొర పోస్తే ఆగింది.

2023 నవంబర్‌లో పెద్ద దెబ్బ తగిలింది. కార్తీకం పెళ్లిళ్లకు 36 జతల ఆర్డర్ వచ్చింది. నలుపు కడ్డీలు అయిపోయాయి, విదేశాల నుంచి వచ్చేంత టైం లేదు. ఇక్కడే ఒక వ్యాపారి దగ్గర నలుపు కొన్నాను. మురానో గాజుకు సరిపోతుందని ఆయన గట్టిగా చెప్పాడు. చేశాను, కొలిమిలో పెట్టాను, అన్నీ బాగున్నాయి. ఇచ్చిన నాలుగో రోజు బొటీక్ ఆమె ఫోన్: "అక్కా, పూసలు వాటంతట అవే పగులుతున్నాయి." 19 జతలు పోయాయి. 8,550 వెనక్కిచ్చాను, మూడు రాత్రులు కూర్చుని మళ్లీ చేసిచ్చాను. వేడికి సాగడం, చల్లారితే ముడుచుకోవడం ఒక్కో గాజుకు ఒక్కోలా ఉంటుంది. ఆ లెక్కలో నా మురానో గాజుది 104 రకం. ఆ నలుపు వేరే. ఎంత బాగా చల్లారబెట్టినా అలాంటి రెండూ కలిసి ఉండవు. ఆ తర్వాత కొత్త కడ్డీ ఏది వచ్చినా ఒక పని చేస్తున్నాను. పాతదీ కొత్తదీ పక్కపక్కనే అతికించి, కరిగించి, జడదారంలా సన్నటి పోగు లాగుతాను. చల్లారాక ఆ పోగు నిటారుగా ఉంటే ఫరవాలేదు. విల్లులా వంగిందా, ఆ కడ్డీ పక్కన పడేస్తాను. రెండు నిమిషాల పని అది.

2024 వేసవికి ముందు నెలకు 40, 45 జతలు వస్తున్నాయి. పొద్దున నాలుగున్నరకు లేచి మంట ముందు రెండు గంటలు, స్కూలు, సాయంత్రం పేపర్లు దిద్దడం, మళ్లీ రాత్రి మంట. క్లాసులో నిలబడి కునికిపాట్లు పడుతున్నానని నాకే అర్థమైంది. మా ఆయన "ఏదో ఒకటి వదులు, రెండూ నిన్ను మింగేస్తాయి" అన్నాడు. మా అత్తయ్య మాత్రం ఒప్పుకోలేదు. నెలనెలా వచ్చే జీతం వదులుకుంటారా అని ఆమె బాధ. ఆ బాధ తప్పు కాదు. నేను మాత్రం 2024 ఏప్రిల్ చివర, విద్యా సంవత్సరం ముగిసిన రోజున రాజీనామా ఇచ్చేశాను.

పంచాంగం చూసుకోలేదు. ఆ ఏప్రిల్ చివర నుంచే మూఢం మొదలైంది. అది పోయేసరికి ఆషాఢం వచ్చింది. ఆగస్టులో శ్రావణం వచ్చేదాకా, మూడు నెలలకు పైగా, పెళ్లి ముహూర్తాలు లేవు. మేలో ఆరు జతలు. జూన్‌లో నాలుగు. జూలైలో మూడు. జీతం లేదు, చేతిలో ఉన్నది 52,000. రోజూ ఫోన్ తీసి చూడటం, పెట్టేయడం. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. మా అత్తయ్య ఆ మూడు నెలల్లో ఒక్క మాట కూడా అనలేదు. జూన్‌లో ఒకరోజు నా బల్ల మీద పదివేలు పెట్టి, "గాజు కొనుక్కో" అని వెళ్లిపోయింది.

క్లాసులు అప్పుడే మొదలయ్యాయి. నేర్పించడం నాకు వచ్చిన పనే, ఆ ఆలోచన రావడానికే ఆలస్యమైంది. రెండు రోజుల క్లాసు, మనిషికి 3,200, బ్యాచ్‌కు నలుగురే. ఉన్న ఒక్క బర్నర్ మీద వంతులవారీగా చేయించాలి, అంతకన్నా ఎక్కువమందిని పక్కన నిలబడి చూసుకోలేను. మొదటి బ్యాచ్‌కు ఇద్దరే వచ్చారు. ఒకామె నర్సు, ఇంకొకామె చీర కుచ్చులు వేసే ఆవిడ. ఆ కుచ్చులావిడే తర్వాత నాకు తొమ్మిది మందిని పంపింది, ఇప్పటికీ కుచ్చుల పూసలు నా దగ్గరే తీసుకుంటుంది. ఆగస్టులో శ్రావణం రాగానే 61 జతలు వచ్చాయి. మొదటి ఆర్డర్ ఫోన్ పెట్టేశాక దేవుడి గదిలోకి వెళ్లి కాసేపు కూర్చున్నాను.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. చిన్న వ్యాపారాలు చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఇరవై నిమిషాల్లో ఆన్‌లైన్‌లోనే అయిపోయింది, పైసా ఖర్చు లేదు. అంతకుముందు ఒకరు అదే పనికి 1,500 అడిగారు, జాగ్రత్త. చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకానికి ఆశపడ్డాను గానీ ఆ 18 వృత్తుల జాబితాలో పూసల పని లేదు. ముద్రా శిశు లోన్ 50,000కు పెట్టుకుంటే 37 రోజులకు వచ్చింది, నాలుగు సార్లు బ్యాంకుకు తిరిగాను. వేరే రాష్ట్రాలకు కూడా అమ్మే ఒక ఆన్‌లైన్ సైట్లో చేరదామంటే జీఎస్టీ నంబరు అడిగారు, ప్రస్తుతానికి వద్దనుకున్నాను. గ్యాస్ విషయం మాత్రం నిర్లక్ష్యం చేయకండి. వ్యాపారానికి ఇంటి సిలిండర్ వాడకూడదు. ఉద్యోగం మానేసిన నెలలోనే 19 కిలోల కమర్షియల్ కనెక్షన్ తీసుకున్నాను. నిండు సిలిండర్ అప్పట్లో రెండు వేలకు అటూ ఇటూ ఉండేది, నాకు ముప్పై, ముప్పై ఐదు రోజులొస్తుంది.

ఎవరూ ముందుగా చెప్పని చిన్న చిన్న ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. మంట ఊగుతుంది కాబట్టి ఫ్యాను వేసుకోలేం. తిరుపతి మే నెలలో రేకుల గదిలో ఫ్యాను లేకుండా కూర్చోవాలి, అందుకే వేసవిలో తెల్లవారుజామున తప్ప పని జరగదు. ఆ ఎండకు కాన్సంట్రేటరు కూడా ఆగిపోతుంది. పూత మట్టిని రంధ్రంలోంచి తీసేటప్పుడు పూసను నీళ్లలో ఉంచే తీయాలి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. కొలిమి నడుస్తుండగా కరెంటు పోతే కంగారుపడొద్దు, మొత్తం చల్లారాక ప్రోగ్రామ్ మళ్లీ మొదటి నుంచి పెడితే సరిపోతుంది. మొదట్లో అది తెలియక ఒక రాత్రి పూసలన్నీ పారేశాను. కుడి భుజం నొప్పికి ఫిజియోథెరపీ పది సిట్టింగులు, 4,000. బల్ల అంచు మీద మోచేతులు ఆనేలా కుర్చీ ఎత్తు మార్చాక తగ్గింది.

డబ్బుల లెక్క ఇది. ఇప్పుడు జత 550. ముహూర్తాలున్న నెలలో 70 జతల దాకా చేస్తాను, 38,500 వస్తే ఖర్చులు 8,000 పోతాయి, చేతికి 30,500. ముహూర్తాలు లేని నెలలో క్లాసులూ కుచ్చుల పూసలూ కలిపినా 15,000 దాటడం కష్టం. లోన్ 2025 జూలైలో తీరిపోయింది. అత్తయ్య పదివేలు ఇవ్వబోతే తీసుకోలేదు.

2025 నవంబర్ ఆఖరు నుంచి 2026 ఫిబ్రవరి నడుమ దాకా మళ్లీ మూఢం. ఈసారి పంచాంగం ముందే చూశాను. డిసెంబర్, జనవరి క్లాసులు ఐదు బ్యాచ్‌లు నిండిపోయాయి, రెండో బర్నర్ కూడా కొన్నాను. ఈ పొద్దున కొలిమి తెరిస్తే 48 పూసలు. మూఢానికి ముందు ఆఖరి పెళ్లిళ్లవి. ఒక్కొక్కదానికీ దారం గుంజి చూశాను, రెండు తెగాయి. ఆ రెండూ ఇప్పుడు మళ్లీ చేయాలి, సాయంత్రం నాలుగింటి బస్సుకు పార్శిల్ వెయ్యాలి.